పట్టుచీరకు ఇస్త్రీ గండం
కాస్త ఓపిక పడితే ఇంట్లోనే నిర్భయంగా చేసుకోవచ్చు

ధర్మవరం: పెళ్లిళ్ల కాలం వచ్చిందంటే బీరువాల్లోని పట్టుచీరలు బయటికి వస్తాయి. వాటి వెంటే ఇస్త్రీ పెట్టె కూడా బయటికి వస్తుంది. మగ్గం మీద రోజుల తరబడి నేసిన చీర, ముహూర్తానికి వేళ మించిపోతోందన్న తొందరలో అర నిమిషంలో పాడవుతుంది. వేలు పోసి కొన్న చీర కాలితే దానికి మందు లేదు. రఫూ చేయించినా మచ్చ మచ్చగానే మిగులుతుంది. అయితే కొద్దిపాటి జాగ్రత్తలు పాటిస్తే పట్టుబట్టలను ఇంట్లోనే భయం లేకుండా ఇస్త్రీ చేసుకోవచ్చు.

2022 వరకు అనంతపురం జిల్లాలో ఉండి, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న ధర్మవరం పట్టుచీరలకు, పావడాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. వెడల్పాటి జరీ అంచు, నిండైన కొంగు ఈ చీరల ప్రత్యేకత. ఇస్త్రీ సమయంలో ఎక్కువ ప్రమాదం ఆ అంచుకు, కొంగుకే.

పట్టు ఎందుకు పాడవుతుంది?

నూలు చెట్టు నుంచి వస్తే, పట్టు పురుగు నుంచి వస్తుంది. మన జుట్టు, గోళ్ల మాదిరిగానే పట్టు దారం కూడా మాంసకృత్తే. మామూలు వాతావరణంలో ఈ దారం తన బరువులో సుమారు 11 శాతం తేమను పట్టి ఉంచుకుంటుంది. వేడి ఎక్కువైతే ఆ తేమ ఆవిరై దారం పెళుసు బారుతుంది. ఇంకా పెరిగితే బట్ట పసుపు రంగుకు తిరుగుతుంది. తెల్లని పట్టుపంచెలు, కండువాలు, మీగడ రంగు చీరల్లో ఈ తేడా ముందుగా కనిపిస్తుంది. వేడికి అలా రంగు తిరిగిన పట్టును ఎంత ఉతికినా పాత తెలుపు రాదు.

వేడి ఎంత ఉండాలి?

కరెంటు ఇస్త్రీ పెట్టె డయల్ మీద ‘సిల్కు’ అన్న గుర్తు ఉంటుంది. కొన్నింటి మీద చుక్కలు మాత్రమే ఉంటాయి. బట్టల లేబుళ్ల మీద ఒక చుక్క ఉంటే 110 డిగ్రీలు, రెండు చుక్కలుంటే 150 డిగ్రీలు, మూడు చుక్కలుంటే 200 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి పనికివస్తుందని అర్థం. పట్టుకు ఒక చుక్కతో మొదలుపెట్టాలి. ముడత పోకపోతేనే కొద్దిగా పెంచాలి. కాటన్ గుర్తు దాకా ఎన్నడూ పోకూడదు.

చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఒకటుంది. ముందు నూలు చొక్కాలు, పంచెలు ఇస్త్రీ చేసి, ఆ వెంటనే డయల్ తిప్పి పట్టుచీర మీద పెట్టె పెడతారు. డయల్ తిప్పగానే వేడి తగ్గదు. పెట్టె అడుగు రేకు చల్లారడానికి చాలాసేపు పడుతుంది. అందుచేత ముందు పట్టుబట్టలు, తర్వాతే నూలుబట్టలు అన్న వరుస పాటించాలి.

బొగ్గుల పెట్టెకు మాత్రం ఈ వరుస తిరగబడుతుంది. దానికి డయల్ లేదు. నిప్పు రాజుకున్నప్పుడు నూలుబట్టలు చేసి, నిప్పు తగ్గుముఖం పట్టాక పట్టు చేయాలి. బూడిద, నిప్పురవ్వ చీర మీద పడకుండా చూసుకోవాలి.

అనుమానం ఉంటే పెట్టెను ముందుగా ఒక తెల్ల నూలుగుడ్డ మీద కొన్ని క్షణాలు ఆనించాలి. గుడ్డ ఏమాత్రం గోధుమ రంగుకు తిరిగినా ఆ వేడి పట్టుకు పనికిరాదు. తర్వాత చీర కట్టుకున్నప్పుడు లోపలికి పోయే కొసన చిన్న జాగాలో చేసి చూడాలి.

నీళ్లు చిలకరించరాదు

నూలుబట్టల అలవాటు కొద్దీ పట్టు మీద కూడా నీళ్లు చిలకరించేవారు ఉన్నారు. ఇది తగదు. నీటిచుక్క ఆరేటప్పుడు అందులోని లవణాలు, బట్టలోని గంజి వంటి పదార్థాలు చుక్క అంచుకు చేరి వలయాకారపు మచ్చగా నిలిచిపోతాయి. ఉప్పునీటి బోర్లున్న ఊళ్లలో ఈ బెడద మరీ ఎక్కువ.

జరీ లేని పట్టుబట్టను ఉతికితే నీడన ఆరవేసి, అంతటా ఒకే రకంగా కొద్దిపాటి చెమ్మ ఉన్నప్పుడే ఇస్త్రీ చేయాలి. పూర్తిగా ఆరిపోతే, గట్టిగా పిండిన నూలు తువాలులో కాసేపు చుట్టి ఉంచి తీస్తే చెమ్మ సమంగా పట్టుకుంటుంది. తడి పట్టు పొడి పట్టుకంటే బలహీనమైనది కనుక పిండడం, లాగడం చేయకూడదు.

ఆవిరి ఇస్త్రీ పెట్టె ఉన్నవారు మరో సంగతి గుర్తుంచుకోవాలి. పట్టుకు కావలసిన తక్కువ వేడిలో చాలా పెట్టెలు నీటిని సరిగా ఆవిరి చేయలేవు. అడుగు రంధ్రాల నుంచి నీటిచుక్కలు కారి మచ్చలు పడతాయి. కనుక ఆ సమయంలో ఆవిరి మీట ఆపివేయడం మేలు.

మధ్యలో గుడ్డ తప్పనిసరి

చీరను తిరగవేసి, లోపలి వైపు నుంచే ఇస్త్రీ చేయాలి. చీరకూ పెట్టెకూ మధ్య పలుచని తెల్ల నూలుగుడ్డ పరవాలి. పాత మల్లుపంచె ముక్క ఇందుకు శ్రేష్ఠం. రంగు గుడ్డ అయితే రంగు అంటుకోవచ్చు. గంజి పెట్టిన గుడ్డ కూడా వద్దు. ముదురు రంగు పట్టు మీద పెట్టె నేరుగా తగిలితే అక్కడక్కడ వింత మెరుపు వస్తుంది. పెట్టెను రుద్దకుండా, ఆనించి ఎత్తుతూ ముందుకు జరపాలి. ఒకే చోట నిలపరాదు.

కింద పరిచే దుప్పటి మెత్తగా, పైన తెల్లని గుడ్డతో ఉండాలి. పెట్టె అడుగున తుప్పు, మాడిన జిగురు ఉన్నాయేమో ముందే చూసి, పెట్టె చల్లగా ఉన్నప్పుడే తుడవాలి.

జరీలో రకాలు

అసలు జరీలో పట్టు దారానికి వెండి తీగ చుట్టి బంగారు పూత పూస్తారు. తర్వాతి రకంలో రాగి తీగ మీద వెండి పూత ఉంటుంది. చవక రకంలో లోహపు పూత పూసిన పాలియెస్టర్ పొర మాత్రమే ఉంటుంది. ఈ మూడో రకం వేడికి ముడుచుకుపోతుంది. అంచు మొత్తం వంకరలు తిరుగుతుంది. ఏ రకమో తెలియనప్పుడు చవక రకమేనని భావించి అతి తక్కువ వేడి వాడటం క్షేమం. చెమ్మ తగిలితే వెండి, రాగి జరీ నల్లబడే అవకాశం ఉన్నందున అంచు మీద పొడి గుడ్డే వాడాలి.

రాళ్లు, అద్దాలు, పూసలు కుట్టిన రవికెలను తిరగవేసి మందపాటి తువాలు మీద పరచి, వాటి చుట్టూ మాత్రమే ఇస్త్రీ చేయాలి. జిగురుతో అంటించిన రాళ్లు వేడికి ఊడివస్తాయి.

మరక మీద పెట్టె పెట్టవద్దు

పెళ్లిభోజనంలో పడిన పాయసం చుక్క, చెమట, పసుపు, సెంటు మరకలు ఉన్న చీరను ఎట్టి పరిస్థితిలోనూ ఇస్త్రీ చేయరాదు. వేడికి మరక దారంలో స్థిరపడిపోతుంది. ముందు మరక తీయించాలి. భారీ జరీ చీరలకు, పెద్దల నాటి పాత చీరలకు ఇంటి ప్రయోగాలు మాని, పట్టు పనిలో అనుభవం ఉన్నవారికి అప్పగించడం ఉత్తమం.

ఇస్త్రీ కాగానే చీరను మడవకూడదు. అరగంట గాలికి వేలాడదీసి, వేడి, చెమ్మ పోయాక నూలుగుడ్డలో చుట్టి దాచాలి. మడత మీద పెట్టె నొక్కితే జరీ అక్కడే తెగుతుంది. రెండు మూడు నెలలకొకసారి మడతలు మార్చాలి.

కరెంటు పోతే ప్లగ్గు తీయాలి

ఇస్త్రీ మధ్యలో కరెంటు పోయినప్పుడు పెట్టెను చీర మీదే వదిలి వేరే పనికి వెళ్లడం పెద్ద ప్రమాదం. కరెంటు మళ్లీ వచ్చేసరికి చీరే కాదు, ఇల్లే అంటుకోవచ్చు. కరెంటు పోయిన వెంటనే ప్లగ్గు ఊడదీసి, పెట్టెను నిలువుగా, పిల్లలకు అందని చోట పెట్టాలి. ఎర్తు ఉన్న మూడు పిన్నుల ప్లగ్గే వాడాలి. తడి చేతులతో దానిని ముట్టుకోరాదు.