హిమేజీ కోట – ప్రభువుల మార్పిడి: ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

కోట అనగానే తరతరాలుగా ఒకే వంశం ఏలిన గడ్డ అన్న భావన సహజంగా కలుగుతుంది. జపాన్‌లోని హిమేజీ కోట చరిత్ర ఇందుకు భిన్నమైనది. తెల్లని సున్నపు పూత వల్ల ‘తెల్ల కొంగ కోట’గా పేరొందిన ఈ దుర్గానికి ప్రభువులు పలుమార్లు మారారు. ఆ మార్పులకు కారణాలను, ఫలితాలను వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కోట నిర్మాణం

1580లో హషిబా హిదెయోషి ఇక్కడ మూడంతస్తుల ప్రధాన సౌధాన్ని కట్టించాడు. 1600లో సెకిగహారా యుద్ధంలో గెలిచిన తొకుగావా ఇయెయాసు హిమేజీని తన అల్లుడు ఇకెదా తెరుమాసాకు అప్పగించాడు. నేడు కనిపించే మహాసౌధం తెరుమాసా 1601–1609 మధ్య కట్టించినదే. ఆనాడు ప్రభువు స్థాయిని బియ్యపు దిగుబడితో, ‘కొకు’లలో లెక్కించేవారు. ఒక కొకు సుమారు 180 లీటర్లు. తెరుమాసా సంస్థానం విలువ 5,20,000 కొకులు.

బాల ప్రభువుల బదిలీ

పడమటి ప్రభువులపై నిఘా ఉంచడానికి హిమేజీ కీలక స్థానం. అందువల్ల అక్కడ సమర్థుడైన పెద్దవాడే ఉండాలని తొకుగావా ప్రభుత్వం భావించింది. వారసుడు పసివాడైతే ఆ కుటుంబాన్నే మరొక చోటికి పంపేది. 1617లో తెరుమాసా మనుమడు, బాలుడైన మిత్సుమాసాను తొత్తోరికి పంపి, హోందా తదమాసాను నియమించింది. 1649లో బాలుడైన మత్సుదైరా నఓనోరిని మురకామికి మార్చింది. పెద్దవాడైన తరువాత 1667లో అతడు తిరిగి హిమేజీకి వచ్చాడు. 1682లో అతణ్ణి హితాకు, అటుపై యమగాతాకు, షిరకావాకు తరలించింది.

ప్రజలపై భారం

ప్రతి బదిలీలోనూ ప్రభువుతోపాటు పరివారమంతా తరలవలసిందే. ఆ ఖర్చులు సంస్థానాన్ని అప్పులపాలు చేసేవి. అప్పుల భారం చివరకు పన్నుల రూపంలో రైతులపైనే పడేది. నఓనోరి కుటుంబం 1741లో మళ్ళీ హిమేజీకి వచ్చింది. 1748లో ప్రభువు మరణించాడు. 1749 ఆరంభంలో రైతులు పెద్దయెత్తున తిరగబడ్డారు. ఆ ఏడాదే బాల వారసుణ్ణి మయెబాషికి పంపి, అక్కడి సకాయ్ కుటుంబాన్ని హిమేజీకి రప్పించారు. సంస్థానాల వ్యవస్థ 1871లో రద్దయ్యేవరకు ఆ కుటుంబమే కొనసాగింది.

ముగింపు

1868లో నూతన ప్రభుత్వం పక్షాన ఒకాయామా సేన హిమేజీని చుట్టుముట్టింది. ఒకాయామాను ఏలుతున్నది మిత్సుమాసా వారసత్వం పొందిన ఇకెదా వంశమే. కోట కట్టించిన వంశమే దానిపై ఫిరంగులు ఎక్కుపెట్టింది. పెద్ద యుద్ధం లేకుండానే కోట లొంగిపోయింది. 1945లో వైమానిక దాడులకు నగరం కాలిపోయినా కోట నిలిచింది. 1993లో ప్రపంచ వారసత్వ కట్టడమైంది. హిమేజీలో కోట ప్రభువు సొత్తు కాదు. ప్రభువే కోటకు నియమితుడైన ఉద్యోగి. ఆ నియామకాల మూల్యం చెల్లించినవారు మాత్రం ఆ నేలను వదిలి ఎక్కడికీ పోలేని రైతులు.