చిట్టెం గుట్ట మీద ఇళ్లు

పిట్స్‌బర్గ్ అనగానే మనవాళ్లకు ముందుగా గుర్తొచ్చేది వెంకటేశ్వరస్వామి గుడి. 1970వ దశకంలో పెన్ హిల్స్‌లో కట్టిన ఆ గుడి చూడాలన్న కోరికతోనే నేను మా అబ్బాయి దగ్గరికి వెళ్లాను. దర్శనం తృప్తిగా జరిగింది. అయితే అక్కడినుంచి ప్రసాదంతో పాటు ఒక గుట్ట కథ కూడా తెచ్చుకున్నాను. అది చెప్పేముందు మా ఊరి గుట్టల సంగతి చెప్పాలి.

మాది కోలారు బంగారు గనుల ఊరు, కె.జి.ఎఫ్. మా తాతగారు చిత్తూరు వైపునుంచి గని పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. గనిలోంచి తీసిన రాయిని పొడి చేసి, సైనైడ్ నీళ్లతో బంగారం రాబట్టాక, మిగిలిన పొడిని ఊరి పక్కనే పోసేవారు. ఏళ్ల తరబడి పోయగా పోయగా అవి కొండలయ్యాయి. మేం వాటిని సైనైడ్ దిబ్బలంటాం. వేసవి సాయంత్రం గాలి లేచిందంటే మా అమ్మ కేకేసేది, "పిల్లలూ, కిటికీలు మూయండి! అన్నం మీద మూత పెట్టండి!" అని. ఆ అలవాటు నాకు ఇప్పటికీ పోలేదు.

ఇక పిట్స్‌బర్గ్‌కు వద్దాం. వెళ్లిన మూడో రోజు సాయంత్రం మా అబ్బాయి నన్ను షికారుకు తీసుకెళ్లాడు. చక్కటి ఇళ్లు, ఇళ్ల ముందు పచ్చిక, కాస్త దూరంలో ఫ్రిక్ పార్కు అడవి. "ఎంత బాగుందిరా!" అన్నాను. వాడు నవ్వి, "అమ్మా, నువ్వు నిలబడింది మన దిబ్బలాంటి దాని మీదే" అన్నాడు. నాకు గుండె ఝల్లుమంది.

ఇనుప ఖనిజాన్ని కరిగించినప్పుడు మిగిలే మలినాన్ని అక్కడ స్లాగ్ అంటారు, మన పెద్దలు చిట్టెం అనేవారు. నైన్ మైల్ రన్ అనే వాగు లోయలో 1922 నుంచి 1972 వరకు, యాభై ఏళ్లపాటు, ఉక్కు మిల్లుల చిట్టెం తెచ్చి పోశారు. గుట్ట కొన్నిచోట్ల 120 అడుగుల ఎత్తు పెరిగింది. దానిలోంచి ఊరిన నీళ్లు సున్నపు నీళ్లలా ఘాటుగా వాగులోకి దిగేవి. గుట్ట మీద చెట్టూ చేమా సరిగా మొలిచేవి కావు. 1995లో నగర పునరభివృద్ధి సంస్థ ఆ స్థలాన్ని కొన్నది. నిట్టనిలువు అంచులను ఏటవాలుగా సరిచేసి, పైన మంచి మట్టి పరిచి, చెట్లు నాటి, సమ్మర్‌సెట్ అనే పేట కట్టారు. 2006 నాటికి వాగును కూడా వంపులతో, రాళ్లతో, గట్టున మొక్కలతో బాగుచేశారు. వానలు ముంచెత్తితే వాగులోకి మురుగు రావడం మాత్రం అంతటితో ఆగిపోలేదని మా అబ్బాయి చెప్పాడు.

"ఇంతకాలం ఎందుకు వదిలేశారురా?" అని అడిగాను. వాడు చెప్పిన సంగతి మనకూ పనికొస్తుంది. 1980లో అమెరికా ప్రభుత్వం సూపర్‌ఫండ్ అనే చట్టం చేసింది. విషం పోసినవాడే కాదు, ఆ స్థలం ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో వాళ్లూ శుభ్రం చేసే ఖర్చుకు బాధ్యులే. ఉద్దేశం మంచిదే గానీ, ఎవరో చేసిన పాపం తన మెడకు చుట్టుకుంటుందన్న భయంతో పాత మిల్లు స్థలాలను కొనేవాడు వెనకాడాడు. పెన్సిల్వేనియా రాష్ట్రం 1995లో మరో చట్టం తెచ్చింది. ఆ స్థలాన్ని దేనికి వాడతారో చూసి, మనుషులకు హాని లేని స్థాయికి శుభ్రం చేసి చూపితే, ఆ మేరకు బాధ్యతనుంచి విముక్తి.

అంటే ప్రతిచోటా మట్టినంతా తవ్వి ఎత్తుకుపోరు. కొన్నిచోట్ల తీసేస్తారు, కొన్నిచోట్ల మంచి మట్టితోనో కాంక్రీటుతోనో కప్పేస్తారు. అవసరమైతే ఇక్కడ బావి తవ్వరాదని దస్తావేజులోనే రాస్తారు. కప్పింది చెదరకుండా తర్వాత కాపలా కాయాలి. కాబట్టి ఆ పని ఒకనాటితో తీరేది కాదు.

మరునాడు హోమ్‌స్టెడ్ వెళ్లాం. 1892లో అక్కడ జరిగిన కార్మికుల సమ్మె అమెరికా చరిత్రకెక్కింది. 1986లో ఆ మిల్లు మూతపడింది. 1999లో ఆ స్థలంలో దుకాణాలు, సినిమా హాళ్లు వెలిశాయి. పాత మిల్లుకు గుర్తుగా పన్నెండు ఇటుక పొగగొట్టాలు మాత్రం వరసగా నిలబడి ఉన్నాయి. నది అవతల క్యారీ ఫర్నేసులనే రెండు పాత కొలిమిలను పడగొట్టకుండా ఉంచారు. 1907 నాటివి. 2006లో వాటిని జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించారు.

వాటిని చూపించిన పెద్దాయన ఒకప్పుడు ఉక్కు మిల్లులో పనిచేసినవారట. మిల్లు పోయాక ఏం చేశారని మా అబ్బాయి చేత అడిగించాను. బడి బస్సు నడిపానన్నారు. నాకు మా వారు కళ్లముందు మెదిలారు. 2001లో మా గనులు మూతపడ్డాక ఆయన తెల్లవారకముందే అన్నం డబ్బా పట్టుకుని బెంగుళూరు రైలెక్కేవారు, ఒక ఆఫీసు గేటు దగ్గర వాచ్‌మన్ పనికి. రాత్రి ఇల్లు చేరేసరికి పిల్లలు నిద్రపోయేవారు. మా వీధిలో సగంమంది మగవాళ్ల బతుకు ఆ రైల్లోనే గడిచింది.

నేల బాగుపడినంత త్వరగా మనుషులు బాగుపడరు. 1950లో పిట్స్‌బర్గ్ జనాభా 6 లక్షల 76 వేలు, 2020లో 3 లక్షల 3 వేలు. హేజిల్‌వుడ్ పేటలో 1998లో మూసిన కోక్ బట్టీల స్థలం 178 ఎకరాలు. 2002లో కొన్ని దాతృత్వ సంస్థలు కలిసి దాన్ని కొన్నాయి. అక్కడి మిల్ 19 అనే పాత షెడ్డు ఇనుప అస్థిపంజరాన్ని అలాగే ఉంచి, లోపల కొత్త భవనం కట్టారు, పైన సూర్యరశ్మితో కరెంటు తీసే పలకలు పరిచారు. లోపల మరమనుషుల మీద పరిశోధన. చూడ ముచ్చటేసింది. కానీ బొగ్గు ఎత్తిన చేతులకు అందులో పనేముంది? మా అబ్బాయిలాంటి చదువుకున్నవాళ్లు ఎక్కడినుంచో వచ్చి చేరతారు. పక్క వీధివాడు గేటు బయటే ఉంటాడు.

2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం మా కె.జి.ఎఫ్.లోని 13 దిబ్బలనుంచి మళ్లీ బంగారం తీసే ప్రతిపాదనకు ఒప్పుకుంది. ఆ దిబ్బల్లో ఉన్నది సుమారు 3 కోట్ల 30 లక్షల టన్నుల పొడి. బంగారం వస్తే సంతోషమే. అయితే పొడిని కదిలించేటప్పుడు దుమ్ము లేవకుండా ఏం చేస్తారు? తీశాక మిగిలిన దానిని దేనితో కప్పుతారు, ఎవరు కాపలా కాస్తారు? వచ్చే పనుల్లో మా ఊరి పిల్లలకు ఎన్ని? ఇవి పెద్ద చదువుల ప్రశ్నలు కావు, ఇంటి ప్రశ్నలు. ఊళ్లో ఉన్నవాళ్లే కాదు, బెంగుళూరు, మద్రాసు, బొంబాయి చేరిన మనవాళ్లు కూడా పుట్టిన ఊరి తరఫున అడగాలి. పని మొదలు కాకముందే అడగాలి.

నేను ఊరు చేరిన సాయంత్రం గాలి బాగా వీస్తోంది. పెట్టె విప్పకుండానే వెళ్లి కిటికీలు మూశాను. అన్నం మీద మూత పెట్టాను.