టైరు మీద ఆ నాలుగంకెలు చూశారా?

మొన్న వానలో డాలస్ హైవే ర్యాంప్ ఎక్కుతుంటే, నా సెకండ్ హ్యాండ్ మియాటా వెనక భాగం సర్రున పక్కకు జారింది. పక్క సీట్లో అమ్మ. "మెల్లగా నాన్నా!" అని అరిచింది. నిజానికి వెళ్తోంది మెల్లగానే. ఇంటికొచ్చి చూస్తే వెనక టైర్లు నున్నగా అరిగిపోయాయి.

సైజు టైరు మీదే ఉంటుంది: 205/45 ఆర్17 84డబ్ల్యూ. 84 అంటే ఒక్కో టైరు 500 కిలోలు మోస్తుంది. డబ్ల్యూ అంటే గంటకు 270 కిలోమీటర్ల వేగం తట్టుకుంటుంది (నేనెళ్లేది లేదనుకోండి!). అసలు తలనొప్పి రబ్బరుతోనే. సమ్మర్ టైరు పట్టు అదిరిపోద్ది. కానీ చలి 7 డిగ్రీల కిందికి దిగితే రబ్బరు గట్టిపడి ఆ పట్టు పోతుంది. జనవరి పొద్దున కూడా నేను ఆఫీసుకెళ్లేది ఈ కారులోనే. మనసు చంపుకుని ఆల్ సీజన్ అనుకున్నా.

ఓ షాపులో సగం ధరకే నాలుగు చూపించారు, "బ్రాండ్ న్యూ" అంటూ. డాట్ కోడ్ చివర చూస్తే 1419. అంటే 2019లో 14వ వారం తయారైనవి! దండం పెట్టి వచ్చేశా.

వేరే చోట నాలుగూ మార్పించా. జేబుకు చిల్లే. అమ్మ మాత్రం ఇప్పటికీ మా ఆవిడ కారే ఎక్కుతోంది.