నీటిమొక్కలకు చవుక దీపము



చెరువులును బావులును చూచి పెరిగిన మీకు గాజుతొట్టిలో పెంచు మొక్కలను గూర్చి చెప్పబూనుట కొంత వింతగా తోచవచ్చును. నాకును మొదట నట్లే తోచినది. కాని మనలో ననేకుల బిడ్డలు నేడు హైదరాబాదునకు పడమటి వైపున, హైటెక్ సిటీ పరిసరములలో నుద్యోగములు చేయుచున్నారు. 1998లో సైబర్ టవర్స్ అను మేడ వెలసిన పిమ్మట ఆ దిక్కున నున్న పల్లెలు ఒక్కొక్కటిగా నగరములో కలిసిపోయినవి. శేరిలింగంపల్లి ప్రాంతమందలి నల్లగండ్ల యట్టివానిలో నొకటి. ఊరి చెరువు ఇప్పటికిని ఉన్నది గాని, దాని చుట్టుపట్ల పొలములకు బదులు అంతస్తులమీద అంతస్తులు లేచినవి. ఆ యంతస్తులలో కొడుకు యింటనో కూతురి యింటనో నెలల తరబడి యుండుట మనబోటి వారికి పరిపాటియైనది. అట్లున్న కాలమున మనుమడు వచ్చి, "తాతయ్యా, తొట్టిలో మొక్కలు కుళ్ళిపోవుచున్నవి, ఏల?" యని యడుగగా, నలువదేండ్లు సేద్యము చేసినవాడు నోరు వెళ్ళబెట్టుట సిగ్గు కాదా? నాకా సిగ్గు కలిగినది. దానిని పోగొట్టుకొనుటకై నేను నేర్చుకొన్నది మీతో చెప్పుటకే వచ్చితిని.

మావాని తొట్టి రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గలది. అడుగున మట్టియు, దానిపై సన్నని గులకరాయియు పరచి, నీరు పోసి, చిన్న చేపలను వదలి, నాలుగైదు రకముల మొక్కలు నాటిరి. హాలులో మంచి వెలుతురున్నది గదా యని దీపము పెట్టలేదు. మూడు వారములలో మొక్కలు పాలిపోయి, కాడలు సాగి, ఆకులు రాల్చినవి. పిమ్మట అంగడిలో అడుగగా మొక్కలకొరకే చేసిన విదేశపు దీపమొకటి చూపి, దానికి చెప్పిన వెల విని నేను లేచి వచ్చితిని. ఆ పైకముతో తొట్టియు, చేపలును, మొక్కలును మరల రెండుమారులు కొనవచ్చును.

హాలులో వెలుతురుండియు మొక్క లేల చెడినవి? మన కన్ను మనలను మోసగించుటచేత. మిట్టమధ్యాహ్నపు టెండను కొలమానముతో కొలిచిన సుమారు లక్ష లక్సు లుండును. కిటికీకి దూరముగా నున్న గదిలో రెండు మూడు వందల లక్సు లుండిన గొప్ప. కన్ను తన పాపను విప్పుకొని ఆ కొద్ది వెలుతురునకే సర్దుకొనును గనుక మనకు రెండు చోట్లను పగలే. మొక్కకు కనుపాప లేదు. అందిన వెలుతురెంతో దాని కాహార మంతే.

ఈ సంగతిని నీటిలోనే పరీక్షించి చూపినవాడు డచ్చి దేశపు వైద్యుడు యాన్ ఇంగెన్‌హౌస్. ఆయన 1779 వేసవిలో ఇంగ్లండునందు ఐదువందలకు పైగా ప్రయోగములు చేసి, నీట ముంచిన ఆకులు ఎండ తగిలినప్పుడు మంచి గాలి బుడగలను విడుచుననియు, చీకటిలో విడువవనియు నిరూపించెను. 1850లో లండనులో రాబర్ట్ వారింగ్టన్ అను రసాయనవేత్త బంగారు చేపలను, వాలిస్నేరియా యను నీటిగడ్డిని, నత్తలను ఒక్క తొట్టిలో నుంచి, అవి యొకదాని నొకటి పోషించుకొనుటను లోకమునకు తెలిపెను. వాలిస్నేరియా మన దేశపు చెరువులలోను పెరుగు మొక్కయే. ఆకు నాడావలె సన్నగా, పొడవుగా నుండును.

అట్లయిన తొట్టిని కిటికీలో పెట్టి ఎండనే తగులనిచ్చిన చాలదా యందురు. మన యెండ కది తగదు. వేసవిలో నేరుగా ఎండ పడిన చిన్న తొట్టిలో నీరు కాగి చేపలు తల్లడిల్లును. గాజంతయు పచ్చని పాచి పట్టును. కనుక దీపమే మేలు.

దీపము కొనునప్పుడు వాట్లను మాత్రమే చూచి కొనుట మన యలవాటు. వాట్లు దీపము తిను కరెంటును తెలుపును. ఇచ్చు వెలుతురును తెలుపునది ల్యూమెను. ఈ సంఖ్య పెట్టెమీద అచ్చువేసి యుండును. తక్కువ వెలుతురుతో తృప్తిపడు మొక్కలకు లీటరు నీటికి 15 మొదలు 25 ల్యూమెన్లు చాలునని ఒక మోటు లెక్క కలదు. మావాని తొట్టిలో మట్టియు, పైనున్న ఖాళీయు పోగా నీరు సుమారు 45 లీటర్లు. లీటరుకు 20 చొప్పున 900 ల్యూమెన్లు. 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బొకటి రమారమి అంతే యిచ్చును! మన పల్లెలో కిరాణా దుకాణమున దొరకు బల్బే యిది. 2015లో ఉజాలా పథకము మొదలైన తరువాత ఇట్టి బల్బులు దేశములో 36 కోట్లకు పైగా పంచబడినవి. తొలుత మూడువందల రూపాయలకు పైబడిన టోకు వెల నూటికి లోపలికి దిగినది. నీలికాంతి ఎల్.ఇ.డి.ని సాధించిన, జపానులో పుట్టిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో నోబెల్ బహుమానమిచ్చిరి గదా. ఆ నీలిచుక్కపై పసుపు పూత పూసియే యీ తెల్లని వెలుతురును పుట్టించుచున్నారు.

ఇచ్చట నొక సందేహము. మొక్కలకు ఎరుపు, నీలము కలిసిన ఊదారంగు దీపములే కావలెనని కొందరు చెప్పుదురు. ఆకుపచ్చ నా రెండు రంగులను ఎక్కువగా గ్రహించుట నిజమే. కాని తెల్లని వెలుతురులో నా రెండును ఉన్నవి. పెట్టెమీద 6500 కెల్విను అని గాని, కూల్ డేలైట్ అని గాని వ్రాసిన తెల్లదీపము చాలును. ఊదా వెలుతురులో చేప చచ్చినట్లు కనబడును. నాకైతే చూడబుద్ధి కాలేదు.

ఒక్క బల్బు వ్రేలాడగట్టిన దాని క్రింద వెలుగు, మూలల చీకటి. కావున రెండడుగుల తొట్టికి రెండడుగుల ఎల్.ఇ.డి. ట్యూబు, అనగా 10 వాట్ల బ్యాటెన్, మిక్కిలి యనువైనది. అది తొట్టి పొడవునకు సరిపోవును. వెలుతురు సమముగా పరచుకొనును. తొట్టి యెత్తు అడుగున్నర యైన రెండు ట్యూబులు పెట్టవలెను. దీపమును నీటికి ఎంత దూరము జరిపిన అంత నష్టము. లాంతరు చేరువనుంచుకొని చదివినవారికి వేరుగ చెప్పనక్కరలేదు. పైకి పోవు వెలుతురును క్రిందికి మరలించుటకు వెడల్పైన పి.వి.సి. గొట్టమును నిలువున రెండుగా కోయించి, లోపల తెల్లరంగు పూసి, ట్యూబుపై బోరగిలించిన చక్కని కప్పు అగును. రెండు కొనలు తెరచి యుంచవలెను. ఊపిరాడని పెట్టెలో ఎల్.ఇ.డి. వేడెక్కి త్వరగా చెడును.

ఇంతవరకు నా తెలివి బాగుగనే నడచినది. ఇక నా తెలివితక్కువ వినుడు. ట్యూబుపై నున్న తెల్లని తొడుగు కొంత వెలుతురును మ్రింగుచున్నదని నాకు తోచి, దానిని ఊడదీసితిని. వెలుతురు పెరిగినది, పొంగిపోతిని. మరునా డొక చేయి నీటిలో నుంచి ఆకు సవరించుచు, రెండవ చేతితో దీపమును కొంచెము జరిపితిని. ఇంటిలోని దీపములన్నియు టప్పున నారిపోయినవి, నా మోచేయి గోడకు కొట్టుకొన్నది. గుమ్మమువద్ద బోర్డులో ఆర్.సి.సి.బి. యను మీట యుండుటచేత నేను బ్రతికితిని. 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు దారితప్పి భూమిలోనికి పోయినంతనే ఆ మీట తనంతట పడిపోవును. అప్పుడు నా ప్రక్కనే పీటమీద నిలిచి, తానును చేయి పెట్టుదునని మారాము చేయుచున్నవాడు తొమ్మిదేండ్ల మనుమడు. ఆ రాత్రి నాకు నిద్ర రాలేదు.

సంగతి యేమనగా, చవుక ట్యూబులలోను బల్బులలోను ఆ వెలుగుచుక్కలకును ఇంటి 230 వోల్టుల కరెంటునకును నడుమ వేరుపరచు నేర్పా టుండక పోవచ్చును. ఆ తొడుగే కవచము. దానిని తీసిన, చుక్కను తాకుట తీగను తాకుటతో సమానము. నీటిమీద నిట్టి దీపము పెట్టువారు తొడుగు నెన్నడును తీయరాదు. దీపమునకును నీటికిని నడుమ గాజుపలక మూతగా నుండవలెను. లేకున్న ఆవిరి చేరి హోల్డరులో చెమ్మ పట్టును. చేయి పెట్టుటకు ముందు స్విచ్చి యార్పుట చాలదు, ప్లగ్గునే ఊడబెరుకవలెను. తీగ గోడ సాకెట్టుకంటె క్రిందికి ఒక వంపు దిగి మరల పైకెక్కునట్లు వదలిన, తీగవెంట జారు నీటిబొట్టు ఆ వంపున రాలిపోవునే గాని సాకెట్టులో దూరదు. ఇంటిలో ఆర్.సి.సి.బి. లేనివారు దీపము కొనకముందు దానిని పెట్టించుకొనుడు. పాత యిండ్లలో నది తరచు ఉండదు. ఎలక్ట్రీషియను కూలితో కలిపి దీపముకంటె నెన్నోరెట్లు ఖర్చగును, అగుగాక. పొదుపు చూపవలసిన చోటది కాదు.

ఆ యనుభవముతో నేను 12 వోల్టుల మార్గమునకు మారితిని. నాడావలె చుట్టగా దొరకు ఎల్.ఇ.డి. పట్టీలు కలవు. నీరు తగిలినను చెడకుండ పైపూత యున్నవానినే కొనవలెను. మీటరుకు 14 వాట్లు చొప్పున రెండడుగుల ముక్కలు రెండు వరుసలుగా, ముందు చెప్పిన గొట్టపు లోపలి వైపున అంటించిన సుమారు 17 వాట్లగును. 12 వోల్టులు, 2 ఆంపియర్లు గల అడాప్టరు 24 వాట్ల వరకు మోయును గనుక వేడెక్కక నడచును. చవుక పట్టీలు పెట్టెమీద చెప్పిన వెలుతురు నీయవు. కొంత తగ్గించి లెక్కింపుడు. అడాప్టరులోనికి వచ్చునది 230 వోల్టులే సుమా. అది తొట్టికి దూరముగా, నీరు చిందని చోట నుండవలెను. భారత ప్రమాణ సంస్థ గుర్తు లేనిదానిని ముట్టవలదు. ఖర్చు సంగతి చెప్పెదను. 17 వాట్లు దినమునకు 7 గంటలు వెలిగిన నెలకు మూడున్నర యూనిట్లు. యూనిటు ఏడు రూపాయలని వేసినను పాతిక రూపాయలు.

ఏడు గంటలే యేల యందురు. మొదట నేనును సూర్యుని లెక్కన పండ్రెండు గంటలు వెలిగించితిని. పదిదినములలో గాజుమీదను, ఆకులమీదను పచ్చని పాచి పేరినది. మొక్కకు వెలుతురుతోపాటు బొగ్గుపులుసు గాలియు, ఎరువును కావలెను. చేపల ఊపిరి, వాని పెంటిక యిచ్చునది కొద్దిమాత్రమే. దానిని మించి వెలుతురిచ్చిన ఆ మిగులును తినునది పాచి. అందుచేతనే మిక్కిలి బలమైన దీపములు పెట్టువారు సీసాలనుండి ఆ గాలిని నీటిలోనికి వదలుదురు. మన కా బాధ వలదు. క్రొత్త తొట్టికి తొలినెల ఆరు గంటలు, పిమ్మట ఏడెనిమిది గంటలు చాలును. మేము మధ్యాహ్నము 3 గంటలకు వెలిగించి రాత్రి 10 గంటలకు ఆర్పుచుంటిమి. పిల్లలు బడినుండియు పెద్దలు ఆఫీసునుండియు వచ్చి చూడగల వేళ యదియే. నగరమున దీనికి టైమరు అను యంత్రము పెట్టుదురు. ఇంట తాత యున్నప్పుడు అది యనవసరము.

మొక్కల నెంచుకొనుటయు దీపపు ఖర్చును తగ్గించుకొనుటయే. తమలపాకు తీగను మండుటెండలో వేయక అవిసెచెట్ల నీడలో పెంచుదురు గదా. నీటిమొక్కలలోను అట్టివి కలవు. ఆఫ్రికా పడమటి ప్రాంతపు అనూబియాస్, ఆగ్నేయాసియా నుండి వచ్చిన జావా ఫెర్ను తక్కువ వెలుతురునకే సంతసించును. ఈ రెంటి దుంపను మట్టిలో పూడ్చక, రాతికో కర్రకో దారముతో కట్టవలెను, పూడ్చిన కుళ్ళును. క్రిప్టోకోరైన్ అను మొక్క నాటిన క్రొత్తలో ఆకులన్నియు కరగిపోవును. అది చచ్చినదని పెరికివేయకుడు. వేరునుండి మరల చిగిర్చును. వాలిస్నేరియా, హైడ్రిల్లా మధ్యమ వెలుతురు కోరును. ఎఱ్ఱని ఆకుల మొక్కలు చూచి ముచ్చటపడి కొనిన దీపము మార్చవలసివచ్చును.

నాటిన తరువాత మొక్కయే చెప్పును. హైడ్రిల్లా కణుపుల నడుమ దూరము పెరిగి తీగ సాగిన, వెలుతురు చాలలేదు. నీడలో పోసిన నారుమడిని చూచినవారికి ఆ పోలిక తెలియును. ఆకుమీద పాచి పేరిన, గంటలు ఎక్కువైనవి. రోజుకొక గంట తగ్గించి రెండువారము లాగుడు. ఒక్కమారుగా దీపమును, ఎరువును, నీటిని అన్నిటిని మార్చిన, దేనివలన మేలు కలిగెనో తెలియక పోవును.

నేను తొలకరికి ఊరు చేరితిని. నెలదినముల క్రిందట మనుమడు ఫోనులో, వాలిస్నేరియా మట్టిలో తీగ పారించి రెండు పిల్లలు పెట్టినదనియు, సాయంకాలము ఆకుల అంచున ముత్యములవలె బుడగలు లేచుచున్నవనియు చెప్పినాడు. ప్లగ్గు తీయకుండ చేయి పెట్టితివా యని నేనడిగితిని. పెట్టలేదని చెప్పి, ఇంకొక చేప కొనిపెట్టుమన్నాడు.