బాలలు - ఇంటర్నెట్: నిషేధం కన్నా రక్షణ ముఖ్యం

ఇంటర్నెట్ బాలలకు హానికరమా అన్న ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానం లభించదు. ప్రపంచవ్యాప్తంగా ఇంటర్నెట్ వినియోగించే ప్రతి ముగ్గురిలో ఒకరు 18 ఏళ్ళలోపు వారేనని యునిసెఫ్ 2017 నాటి నివేదికలో పేర్కొన్నది. కోవిడ్ కారణంగా పాఠశాలలు మూతపడిన 2020 సంవత్సరంలో, తెలంగాణలో సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్ళతో పాటు ఆన్‌లైన్‌లోనూ పాఠాలు బోధించారు. అంతవరకు పిల్లలను సెల్‌ఫోన్‌కు దూరంగా ఉంచిన తల్లిదండ్రులే చదువు కోసం దానిని వారి చేతికి అందించవలసి వచ్చింది. అందువల్ల హాని ఏ మార్గాన వస్తున్నదో గుర్తించి, ఆ మార్గాన్ని మూయడమే అసలు కర్తవ్యం.

హాని కలిగించే మార్గాలు

నిపుణులు ఈ ప్రమాదాలను ప్రధానంగా నాలుగు విధాలుగా విభజిస్తున్నారు. అశ్లీల, హింసాత్మక దృశ్యాలు కంటబడటం మొదటిది. మారుపేరుతో స్నేహం నటించి, ఫొటోలు రాబట్టి బెదిరించే అపరిచితుల పరిచయం రెండవది. తోటి పిల్లలే హేళన చేయడం, వేధించడం మూడవది. ఆటలు, ప్రకటనల ద్వారా పిల్లల నుండి డబ్బును, వ్యక్తిగత వివరాలను రాబట్టడం నాలుగవది.

వీటికి తోడు, తెర ముందు గడిపే సమయం మితిమీరితే నిద్ర, ఆటపాటలు కుంటుపడతాయి. ఆన్‌లైన్ బోధనపై కేంద్ర ప్రభుత్వం 2020 జులైలో విడుదల చేసిన 'ప్రజ్ఞాత' మార్గదర్శకాలు పూర్వ ప్రాథమిక తరగతులకు రోజుకు 30 నిమిషాలను మించరాదని, 1 నుండి 8 తరగతులకు 30-45 నిమిషాల పాఠాలు రెండుకు, 9 నుండి 12 తరగతులకు నాలుగుకు మించరాదని సూచించాయి.

చట్టాలు కల్పించిన రక్షణ

బాలలను లైంగికంగా చిత్రించే దృశ్యాలను ప్రచురించడం, ప్రసారం చేయడం సమాచార సాంకేతిక చట్టం 67బి సెక్షన్ ప్రకారం నేరం. మొదటిసారి నేరానికి ఐదేళ్ళ వరకు జైలు, పది లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. 2012 నాటి పోక్సో చట్టం ఎలక్ట్రానిక్ సాధనాల ద్వారా జరిగే లైంగిక వేధింపులకూ వర్తిస్తుంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళలోపు వారి వివరాల సేకరణకు తల్లిదండ్రుల అనుమతిని తప్పనిసరి చేసింది. దీని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. వీటిని దశలవారీగా అమలు చేయాలని నిర్దేశించారు.

అధికారులు, పాత్రికేయుల బాధ్యత

చట్టం ఎంత కఠినమైనదైనా, బాధిత బాలిక లేక బాలుడు నోరు విప్పితేనే అది పనిచేస్తుంది. తప్పు తనదే అంటారేమో, ఫోన్ లాక్కుంటారేమో, నలుగురిలో పరువు పోతుందేమో అన్న భయమే పిల్లలను మౌనంగా ఉంచుతున్నది. బెదిరించేవాడి బలం కూడా ఆ మౌనమే. కనుక విషయం చెప్పిన బిడ్డను తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు మందలించరాదు. సందేశాలను చెరిపివేయకుండా సాక్ష్యంగా భద్రపరచాలి.

పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం నేరం జరిగినట్లు తెలిసిన ప్రతి వ్యక్తీ పోలీసులకు తెలియజేయవలసి ఉన్నది. తెలిసీ దాచితే ఆరు నెలల వరకు జైలు శిక్ష పడవచ్చు. 23వ సెక్షన్ ప్రకారం బాధితుల పేరు, చిరునామా, ఫొటో మాత్రమే గాక కుటుంబం, పాఠశాల, పరిసరాల వివరాలను కూడా వార్తలలో వెల్లడించరాదు. పేరు మార్చి, ఊరిని, పాఠశాలను ప్రస్తావిస్తే గోప్యత పాటించినట్లు కాదని గమనించాలి. ఒక బిడ్డ గుర్తింపు బయటపడితే, అదే బాధలో ఉన్న మరో బిడ్డ ఫిర్యాదుకు వెనుకంజ వేస్తుంది.

ఆపదలో ఉన్న బాలల కోసం 1098, సైబర్ ఆర్థిక మోసాలపై 1930 నంబర్లకు ఫోన్ చేయవచ్చు. బాలలకు సంబంధించిన అశ్లీల దృశ్యాలపై జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో పేరు వెల్లడించకుండానే ఫిర్యాదు నమోదు చేయవచ్చు. బాలలకు సంబంధించిన ప్రతి వార్తలోను, ప్రతి పాఠశాల సూచనల పట్టికలోను ఈ నంబర్లను చేర్చడం ఎంతైనా అవసరం.