19,569 పేర్లు, 121 భాషలు

ప్రపంచంలో ఎన్ని భాషలున్నాయంటే ఏడు వేల పైచిలుకు అంటారు. ఎత్నోలాగ్ అనే భాషల పట్టిక 2023లో 7,168 అంది, 2024లో 7,164 అంది. ఏడాదిలో నాలుగు భాషలు చచ్చిపోయాయని అనుకోనక్కర్లేదు. ఒకటే అనుకున్నది రెండని తేలవచ్చు, రెండనుకున్నవి ఒకటే కావచ్చు. ఈ తేల్చడం ఎలా జరుగుతుందో మన జనాభా లెక్కల్లోనే చూడవచ్చు.

2011లో ఎన్యూమరేటర్లు ఇంటింటికీ వెళ్లి మాతృభాష ఏదని అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసుకున్నారు. అలా పోగుపడిన పేర్లు 19,569. ఒకే భాషకు నాలుగైదు పలుకుబళ్లు, కులం పేర్లు, ఊరి పేర్లు కూడా అందులో కలిసి వచ్చాయి. వాటిని జల్లెడ పడితే 1,369 మాతృభాషలు నిలిచాయి. మరో 1,474 పేర్లు ఏ భాషవో తేలక పక్కన పెట్టేశారు. నిలిచినవాటిలో కనీసం 10,000 మంది చెప్పినవి 270. వాటిని చుట్టరికాన్ని బట్టి 121 భాషల కింద సర్దారు.

చిక్కంతా ఈ సర్దడంలోనే ఉంది. భోజ్‌పురి మా భాష అన్నవారు 5 కోట్లకు పైమాటే. కన్నడం అన్నవారి కంటే ఎక్కువ. అయినా వాళ్లందరూ హిందీ లెక్కలోనే పడ్డారు. 1991 లెక్కల్లో మైథిలి కూడా అక్కడే ఉండేది. 2003లో రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో చేరాక దానికి సొంత వరస దొరికింది. మిథిలలో అమ్మలు పిల్లలతో మాట్లాడే మాట మాత్రం అప్పుడూ ఇప్పుడూ అదే. మన తెలుగు పద్దు కింద కూడా ‘వడారి’ అని ఒక పేరుంది. దాన్నీ కలుపుకొనే మనం 8.11 కోట్లమయ్యాం.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆ పదివేల గీత. తొమ్మిది వేల మంది మాట్లాడే భాషకు పట్టికలో పేరుండదు, ‘ఇతరాలు’ అన్న మాట కింద కలిసిపోతుంది. గణేశ్ దేవీ నడిపించిన ప్రజా భాషా సర్వే ఆ గీత పెట్టుకోలేదు కాబట్టే మన దేశంలో 780 భాషల్ని చూడగలిగింది.

పదివేలు కాదు, ఒక్కరే మిగిలిన భాష కూడా ఉండేది. 2010 జనవరిలో అండమాన్‌లో బోవా సీనియర్ అనే వృద్ధురాలు కన్నుమూశారు. అకా-బో భాష వచ్చిన ఆఖరి మనిషి ఆవిడే. తన భాషలో బదులిచ్చేవారు లేక, చుట్టుపక్కలవాళ్లతో మాట్లాడటానికి అండమాన్ హిందీ నేర్చుకున్నారు. ఆవిడ మాటల్నీ పాటల్నీ భాషావేత్త అన్వితా అబ్బి రికార్డు చేసి ఉంచారు.