రెండు లిపుల రచనకు తగిన సాఫ్ట్‌వేర్ ఏది?

మన వార్షిక సంచికకు రెండు ముఖద్వారములు ఉన్నవి. తెలుగు పాఠకుడు ఒక అట్ట నుండి ప్రవేశిస్తాడు, ఉర్దూ పాఠకుడు రెండవ అట్ట నుండి ప్రవేశిస్తాడు. ఇద్దరూ నడిమి పుటలలో కలుసుకుంటారు. పూర్వము ఇట్టి సంచిక ఒకటి వెలువడవలెనంటే ఇద్దరు పనివారు వేర్వేరుగా శ్రమించవలసి వచ్చేది. సీసపు అచ్చులను ఒక్కొక్కటిగా ఏరి తెలుగు పుటను కూర్చే కంపోజిటరు ఒకరు. కలము చెక్కుకొని, నస్తాలీఖ్ లిపిలో పుట పుటనూ స్వహస్తముతో వ్రాసే కాతిబ్ మరొకరు. నేడు ఆ ఇద్దరి పనిని ఒకే కంప్యూటరు చేస్తున్నది. అయితే ఏ సాఫ్ట్‌వేర్‌తో చేయించవలెను అను ప్రశ్న మాత్రము మన ముందు మిగిలియున్నది.

ఈ ప్రశ్న మాకు ఊరక తోచినది కాదు. విద్యార్థుల రచనలను సంవత్సరమునకు ఒకమారు అచ్చు వేసి ఊరుకొనక, వాటిని బ్లాగు రూపములో ఎప్పటికప్పుడు ప్రకటించవలెనని మా సంచికా బృందము తలపెట్టినది. మొదటి పనిగా పాత సంచికల ఫైళ్ళను తెరిచాము. తెలుగు వ్యాసములు ఉండవలసిన చోట అర్థము లేని రోమను అక్షరములు, కామాలు, బ్రాకెట్లు వరుసలు తీరి కనిపించినవి. ఉర్దూ భాగము అసలు తెరుచుకొననే లేదు. ఆ పుటలను కూర్చిన సాఫ్ట్‌వేర్ ఇప్పుడు మా వద్ద లేదు, దాని ఫాంట్లూ లేవు. అందులో పదవీ విరమణ చేసిన ఒక ఉర్దూ అధ్యాపకుని వ్యాసములున్నవి. ఆయన నేడు జీవించి లేరు. అచ్చు ప్రతిని ముందు పెట్టుకొని, ఇద్దరు విద్యార్థినులు ఆ వ్యాసములను అక్షరము అక్షరముగా తిరిగి టైపు చేశారు. ఒక సంచికకు మాత్రము అచ్చు ప్రతి కూడా దొరకలేదు. ఆ సంచికలోని రచనలు మనకు పోయినట్లే.

ఒక సాధనమును తొందరపాటుతో ఎన్నుకొనుట వలన ఎంత నష్టము కలుగునో దీని వలన తెలిసినది. కనుక ఈ విషయమును విద్యార్థులకు, కళాశాల కమిటీ సభ్యులకు వివరముగా విన్నవించదలచినాము.

డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ ఎందుకు?

బ్లాగు వెబ్‌సైటులోనే వ్రాయుటకు ఒక పెట్టె ఉంటుంది గదా, వేరే సాఫ్ట్‌వేర్ ఎందుకని కొందరు అడుగవచ్చును. 1999లో మొదలైన బ్లాగరు, 2003లో వెలువడిన వర్డ్‌ప్రెస్ రెండూ అట్టి పెట్టెను ఇస్తున్నవి. చిన్న టపాలకు అది చాలును. కాని హాస్టలులో అంతర్జాలము నడుమ నడుమ తెగిపోవును, కరెంటు పోవును. వెబ్‌సైటు పెట్టెలో వ్రాసినది అంతర్జాలముపై ఆధారపడి ఉంటుంది. కంప్యూటరులో ఫైలుగా దాచినది మన చేతిలో ఉంటుంది. అంతేకాక బ్లాగు సేవ ఎప్పుడైనా మూతపడినచో, మూలప్రతి మన వద్ద ఉన్నవాడే నిశ్చింతగా ఉండగలడు.

వ్రాసిన దానిని బ్లాగుకు పంపు విధానమును కూడా తెలిసికొనుట మంచిది. వర్డ్‌ప్రెస్‌లో ఎక్స్.ఎం.ఎల్.-ఆర్.పి.సి. అనే మార్గము ఒకటి ఉన్నది. డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ టపా శీర్షికను, పాఠ్యమును ఒక పొట్లముగా కట్టి, వాడుకరి పేరు, పాస్‌వర్డు జతచేసి ఆ మార్గమున సర్వరుకు అందజేస్తుంది. సర్వరు ఆ పొట్లమును విప్పి టపాగా నిలుపుతుంది. భద్రత కొరకు కొన్ని సంస్థలు ఈ మార్గమును మూసివేస్తాయి. అట్టి చోట ఈ మార్గముపై ఆధారపడిన సాఫ్ట్‌వేర్ ఎంత మంచిదైనను టపాను పంపలేదు. కనుక సాఫ్ట్‌వేర్‌ను ఎన్నుకొనుటకు ముందే ఈ ద్వారము తెరిచి ఉన్నదో లేదో విచారించవలెను.

మొదటి పరీక్ష: యూనికోడ్

పాత ఫైళ్ళు ఎందుకు చెడినవి? పాత తెలుగు ఫాంట్లలో చాలా వరకు అక్షరమును అక్షరముగా దాచలేదు. రోమను అక్షరముల స్థానములలో తలకట్టు, కొమ్ము, ఒత్తు మొదలైన ముక్కల బొమ్మలను ఉంచినవి. ఆ ఫాంటు ఉన్నంత కాలము కంటికి తెలుగు కనిపించేది. ఫాంటు తొలగినంతనే అడుగున ఉన్న రోమను అక్షరములు బయటపడినవి. కంప్యూటరుకు అది ఎన్నడూ తెలుగు కానే కాదు.

యూనికోడ్ ఈ దోషమును తొలగించినది. 1991లో వెలువడిన దాని మొదటి వెర్షనులోనే తెలుగు చేరినది. తెలుగు లిపికి అందులో 128 స్థానములు, అరబీ లిపికి ప్రధాన విభాగములో 256 స్థానములు కేటాయించబడినవి. ఉర్దూకు ప్రత్యేకమైన అక్షరములు కూడా ఆ అరబీ విభాగములోనే ఉన్నవి. ఉదాహరణకు ‘స్త్రీ’ అను మాట మన కంటికి ఒక్క అక్షరమే. యూనికోడ్‌లో అది స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారము అని ఆరు సంకేతములు. వాటిని ఎట్లు కలిపి చూపవలెనో ఫాంటు చూచుకుంటుంది. ఫాంటు మారినను మాట మారదు.

ఉర్దూ చరిత్ర ఇంకను ఆసక్తికరమైనది. నస్తాలీఖ్‌లో అక్షరములు ఏటవాలుగా, పై నుండి క్రిందికి జారుతూ కలుస్తాయి. సీసపు అచ్చులకు ఆ సొగసు లొంగలేదు. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ వేలాది సంయుక్త రూపములను చేతితో వ్రాసి, మోనోటైప్ సంస్థ యంత్రమునకు అనువుగా నూరీ నస్తాలీఖ్‌ను సిద్ధము చేసిన తరువాతనే యంత్రముపై ఆ లిపి నిలిచినది. 1994లో మన దేశములోనే తయారైన ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ ఆ లిపిని సాధారణ కంప్యూటరులోనికి తెచ్చి, ఉర్దూ ప్రచురణకు గొప్ప సేవ చేసినది. అయితే దాని తొలి వెర్షన్లు తమ సొంత సంకేతములనే వాడినవి. తరువాతి వెర్షన్లు యూనికోడ్‌ను స్వీకరించినవి. 2014లో గూగుల్ ఉచితముగా విడుదల చేసిన నోటో నస్తాలీఖ్ ఉర్దూ ఫాంటు వలన నేడు వెబ్‌సైటు పుటలో కూడా నస్తాలీఖ్ చక్కగా కనిపిస్తున్నది.

యూనికోడ్ ఉన్నను రెండు సూక్ష్మములను గమనించవలెను. తెలుగులో ‘సాఫ్ట్‌వేర్’ అని వ్రాయుటకు ట్ తరువాత కంటికి కనబడని ఒక విభాజక చిహ్నమును చేర్చవలెను. లేనిచో అది ‘సాఫ్ట్వేర్’ అయి, వకారము ఒత్తుగా మారుతుంది. కొన్ని సాఫ్ట్‌వేర్‌లు పాఠ్యమును అతికించు సమయమున ఈ చిహ్నమును చెరిపివేస్తాయి. ఉర్దూలో ‘యే’, ‘కాఫ్’ అక్షరములకు అరబీ సంకేతము వేరు, ఉర్దూ సంకేతము వేరు. మాట మధ్యలో రెండును ఒకే రీతిగా కనిపించవచ్చును. కాని అరబీ కీబోర్డుతో వ్రాసిన మాటను ఉర్దూ కీబోర్డుతో వెదకినచో దొరకకపోవచ్చును. కనుక బృందములో అందరూ ఒకే ఉర్దూ కీబోర్డును వాడుట అవసరము.

రెండవ పరీక్ష: దిశ

తెలుగు ఎడమ నుండి కుడికి, ఉర్దూ కుడి నుండి ఎడమకు నడుస్తాయి. ఉర్దూ వాక్యములో సంవత్సరము వచ్చినప్పుడు ఆ అంకెలు మరల ఎడమ నుండి కుడికే సాగుతాయి. మంచి సాఫ్ట్‌వేర్ ఈ మలుపులను తానే గ్రహిస్తుంది. అయినను ప్రతి పేరాకు దిశను మనము నిర్ణయించే సౌకర్యము ఉండవలెను. లేనిచో ఉర్దూ వాక్యము చివరి విరామ చిహ్నము వాక్యము మొదటికి చేరి కూర్చుంటుంది. అక్షరములన్నీ సరిగా ఉన్నను పుట తప్పుగా కనబడుటకు అనేక పర్యాయములు ఇదియే కారణము.

మూడవ పరీక్ష: ఆయువు

సాఫ్ట్‌వేర్‌కు కూడా ఆయువు ఉన్నది. 2006లో మైక్రోసాఫ్ట్ పరీక్షార్థము విడుదల చేసిన విండోస్ లైవ్ రైటరును బ్లాగరులు ఎంతో మెచ్చుకొన్నారు. అంతర్జాలము లేకున్నను వ్రాసికొని, తరువాత ఒక్క మీట నొక్కి పంపుటకు అది వీలు కల్పించినది. 2017 జనవరిలో ఆ సంస్థ దానికి సహాయమును ఆపివేసినది. అయితే అంతకు ముందే, 2015 డిసెంబరులో, దాని మూల సంకేతము ఓపెన్ లైవ్ రైటరు అను పేరున అందరికీ విడుదలైనది. అందువలన ఆ సాధనము పూర్తిగా నశించలేదు. ఈ ఉదాహరణ నుండి మనము నేర్వవలసినది ఒకటి ఉన్నది. మూల సంకేతము బహిరంగముగా ఉన్న సాఫ్ట్‌వేర్‌ను కన్నసంస్థ విడిచినను, ఇతరులు పెంచగలరు. అన్నిటికంటె ముఖ్యముగా, ఫైలు రూపము ఏ ఒక్క సంస్థకూ కట్టుబడి ఉండరాదు.

నాలుగు తరగతులు

ఈ పరీక్షలను మనసులో ఉంచుకొని, లభించు సాధనములను నాలుగు తరగతులుగా విభజింపవచ్చును.

మొదటిది వర్డ్ ప్రాసెసర్లు. మైక్రోసాఫ్ట్ వర్డ్ 2007 వెర్షను నుండి బ్లాగుకు నేరుగా టపా పంపు సౌకర్యమును ఇచ్చినది. కాని అది ధర చెల్లించి కొనవలసినది. లిబ్రే ఆఫీస్ 2010లో మొదలైన ఉచిత సాఫ్ట్‌వేర్. విండోస్, లినక్స్, మాక్ మూడింటిలోను పనిచేస్తుంది. రెండు దిశల లిపులను చూపగలదు. దాని ఓ.డి.టి. ఫైలు రూపము 2006లో అంతర్జాతీయ ప్రమాణముగా గుర్తింపు పొందిన పద్ధతికి చెందినది. అది టపాను తానుగా పంపదు, వ్రాసి దాచుటకు ఉపకరిస్తుంది.

రెండవది బ్లాగు కొరకే పుట్టినవి. విండోస్‌లో ఓపెన్ లైవ్ రైటరు ఉచితము. మాక్ కంప్యూటరులో మార్స్ ఎడిట్ పేరొందినది, కాని దానికి ధర ఉన్నది. ఇవి పంపుటలో నేర్పుగలవి. అయితే బ్లాగు సేవ తన ద్వారములను మార్చినప్పుడెల్ల వీటికి చిక్కులు వస్తాయి.

మూడవది సాదా పాఠ్యపు ఎడిటర్లు. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ వంటి ఉచిత సాధనములో వ్రాసి, యూటీఎఫ్-8 పద్ధతిలో దాచిన ఫైలును యూనికోడ్‌ను గుర్తించు ఏ కంప్యూటరులోనైనను తెరువవచ్చును. శీర్షికలకు, ఒత్తి పలుకు మాటలకు 2004లో రూపొందిన మార్క్‌డౌన్ గుర్తులను వాడవచ్చును. దీర్ఘాయువులో దీనికి సాటి లేదు. కాని క్రొత్త విద్యార్థికి ఇది కొంత పొడిగా తోచును.

నాలుగవది పుటలను అమర్చే సాఫ్ట్‌వేర్‌లు. ఇవి అచ్చుకు అవసరమే. కాని వీటిలోని ప్రతిని మూలప్రతిగా భావించుట పొరపాటు. మన పాత సంచికలు పోవుటకు కారణము ఇదియే. 2001లో చివరి ప్రధాన వెర్షను వెలువడిన పేజ్‌మేకరులో యూనికోడ్ లేదు. ఏళ్ళ తరబడి ఎన్నో సంచికలు దానిలోనే కూర్చబడినవి. వ్యాసము ముందు వేరే యూనికోడ్ ఫైలులో ఉండవలెను. అచ్చు పుట దాని నుండి పుట్టవలెను.

మా నిర్ణయము, మా మనవి

వీటినన్నిటిని పరిశీలించి మేము ఒక నిర్ణయమునకు వచ్చినాము. ప్రతి రచనను లిబ్రే ఆఫీస్‌లో యూనికోడ్‌లో వ్రాయవలెను. ఓ.డి.టి. రూపములో ఒక ప్రతిని, సాదా పాఠ్యముగా యూటీఎఫ్-8లో మరొక ప్రతిని దాచవలెను. బ్లాగుకు చేర్చునప్పుడు సాదా పాఠ్యమునే అతికించవలెను. లేనిచో వర్డ్ ప్రాసెసరు లోపలి గుర్తులు వెంటపడి వచ్చి పుటను చిందరవందర చేస్తాయి. ఉర్దూ టపాకు కుడి దిశను, నస్తాలీఖ్ ఫాంటును నిర్ణయించి, పంక్తుల మధ్య ఎడమును కొంచెము పెంచవలెను. నస్తాలీఖ్ అక్షరములు క్రిందికి జారుటచే మామూలు ఎడములో పంక్తులు ఒకదానినొకటి తాకుతాయి. పలువురి టపాలను ఎప్పటికప్పుడు పంపు సంపాదకులకు ఓపెన్ లైవ్ రైటరు అదనపు సహాయముగా ఉండవచ్చును.

సాఫ్ట్‌వేర్‌ను స్వీకరించుటకు ముందు ఒక చిన్న పరీక్ష చేయవలెనని కోరుతున్నాము. స్త్రీ, క్ష, సాఫ్ట్‌వేర్ అను మాటలు గల ఒక తెలుగు పేరా, సంవత్సరము గల ఒక ఉర్దూ పేరా వ్రాయండి. దాచి, మూసి, వేరొక కంప్యూటరులో తెరువండి. ఒక మాటను వెదకండి. బ్లాగులో ఉంచి చేతి ఫోనులో చూడండి. ఈ నాలుగింటిలో ఏ ఒక్క చోట తప్పినను ఆ సాధనము మనకు పనికిరాదు.

కమిటీవారికి మా మనవి మూడు మాటలలో ముగుస్తుంది. సాఫ్ట్‌వేర్ కొనుటకు డబ్బు అడుగుటలేదు. మేము చెప్పినవన్నీ ఉచితములే. ఇంట కంప్యూటరు లేని విద్యార్థుల కొరకు, కళాశాల ప్రయోగశాలను సాయంత్రము ఒక గంట సేపు తెరిచి ఉంచవలెనని కోరుతున్నాము. రెండవది, వర్డ్‌ప్రెస్‌లో వ్రాసి సమర్పించు హక్కు విద్యార్థులకు, ప్రకటించు హక్కు సంపాదకులకు వేరువేరుగా ఇచ్చు ఏర్పాటు ఉన్నది. దానిని అమలుపరచి, అందరూ వాడు కంప్యూటరులో పాస్‌వర్డును దాచకుండ చూడవలెను. మూడవది, ప్రతి సంవత్సరము రచనల ఫైళ్ళను గ్రంథాలయములో ఒక ప్రతి, కార్యాలయములో ఒక ప్రతిగా భద్రపరచవలెను.

ఆ ఇద్దరు విద్యార్థినులు అధ్యాపకుని వ్యాసములను తిరిగి టైపు చేయునప్పుడు, అచ్చు ప్రతిలో మాసిపోయిన ఒక పదము వారికి అర్థము కాలేదు. అడుగుదమన్న ఆయన లేరు. ఆ చోట మూడు చుక్కలు పెట్టి వదలినాము. మన తరము రచనలలో రేపటి విద్యార్థులు అట్టి చుక్కలు పెట్టవలసిన అవసరము రాకుండుగాక అని ఆశిస్తూ, ఈ విషయమును పెద్దల పరిశీలనకు సమర్పిస్తున్నాము.